రేణువుల గుంపును గాలి ఎలా మోస్తుంది?

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. చేటను పైకెత్తి ధాన్యాన్ని సన్నటి ధారగా వదులుతారు. గింజలు దాదాపు నిట్టనిలువుగా దిగి రాశిగా పడతాయి. తాలు, పొట్టు మాత్రం గాలికి కొట్టుకుపోయి దూరంగా పడతాయి. గాలి ఒకటే, వదిలిన ఎత్తూ ఒకటే. అయినా ఒకటి ఇక్కడ పడింది, ఇంకొకటి అక్కడ పడింది. ఎందుకని?

పడే ప్రతి గింజ మీదా రెండు బలాలు పనిచేస్తాయి. ఒకటి దాని బరువు. ఇది కిందికి లాగుతుంది. రెండోది గాలి బలం. గాలి ఒక వస్తువును ఒరుసుకుంటూ పోయేటప్పుడు దాన్ని తన వెంట ఈడ్చుకుపోవాలని చూస్తుంది. దీనినే ఈడ్పు బలం అంటారు. గింజ విషయంలో బరువుది పైచేయి. పొట్టు విషయంలో ఈడ్పుది పైచేయి. అంతే తేడా!

రైతుకు ఈ లెక్క చేతివాటంగా తెలుసు. కాని చమురు శుద్ధి కర్మాగారంలో పనిచేసే ఇంజనీరుకు ఇదే లెక్క కాగితం మీద కావాలి. అక్కడ పెద్ద ఉక్కు పాత్రలో వందల టన్నుల సన్నటి పొడి వాయువులో తేలుతూ ఉంటుంది. ఈడ్పు లెక్క ఒక వైపు తప్పితే పొడి పాత్రలోంచి ఎగిరిపోతుంది. ఇంకో వైపు తప్పితే అడుగున కూలబడి పని ఆగిపోతుంది.

ఒక్క రేణువు మీద ఈడ్పు ఎంతో 1851 నుంచీ మనకు తెలుసు. మరి కోట్లాది రేణువులు కలిసి ఉన్నప్పుడో? ఒక్కదాని లెక్కను కోట్లతో హెచ్చిస్తే సరిపోతుందా? సరిపోదు. గుంపులో చేరిన రేణువుకు లెక్క మారిపోతుంది. ఆ మార్పు కూడా ఒకే వైపు ఉండదు. ఒకచోట ఈడ్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఇంకొకచోట బాగా తగ్గుతుంది. ఈ వింతను అర్థం చేసుకోవడానికి ముందుగా ఒంటరి రేణువుతో మొదలుపెడదాం.

ఒంటరి రేణువు లెక్క

తేనెలో చెంచా తిప్పితే చేతికి బరువుగా తగులుతుంది. నీటిలో అంత తగలదు. ద్రవపు పొరలు ఒకదాని మీద ఒకటి జారేటప్పుడు కలిగే ఈ అడ్డంకిని స్నిగ్ధత అంటారు. గాలికి కూడా స్నిగ్ధత ఉంది. అది నీటి స్నిగ్ధతలో సుమారు యాభయ్యో వంతు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన జార్జి గాబ్రియెల్ స్టోక్స్ 1851లో ఒక సూత్రం ఇచ్చాడు. చిన్న గోళం నెమ్మదిగా కదిలేటప్పుడు దాని మీద ఈడ్పు ఇలా ఉంటుంది:

ఈడ్పు బలం = 3 × పై × స్నిగ్ధత × వ్యాసం × వేగం

ఈ సూత్రాన్ని ఒక నిజమైన రేణువుకు వాడి చూద్దాం. చమురు కర్మాగారాల్లో వాడే ఉత్ప్రేరకపు పొడిలో ఒక్కొక్క రేణువు వ్యాసం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే ఈ రేణువు మన తలవెంట్రుక మందమంత ఉంటుందన్నమాట. దాని సాంద్రత ఘనమీటరుకు 1500 కిలోగ్రాములు అనుకుందాం.

ఈ రేణువును కదలని గాలిలో వదిలితే మొదట వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ ఈడ్పు కూడా పెరుగుతుంది. ఒక దశలో ఈడ్పు బరువుకు సమానమవుతుంది. ఆ తరువాత రేణువు అదే వేగంతో దిగుతుంది. దీన్ని చరమ వేగం అంటారు. మన రేణువుకు స్టోక్స్ సూత్రం ప్రకారం ఇది సెకనుకు 22 సెంటీమీటర్లు వస్తుంది. ఇంత వేగానికి సూత్రాన్ని కాస్త సవరించాలి. సవరిస్తే సుమారు 20 సెంటీమీటర్లు.

ఇప్పుడు దీన్నే తిరగేసి చూడండి. రేణువు కిందికి దిగడానికి బదులు గాలే సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో పైకి లేస్తే? రేణువు పైకీ పోదు, కిందికీ రాదు. గాలిలో నిలిచిపోతుంది. గాలి వేగం అంతకు మించితే కొట్టుకుపోతుంది. ఈ 20 అనే అంకెను గుర్తుంచుకోండి. దీనితో మనకు చాలా పని ఉంది.

ఇంకొక్క విషయం. బరువు వ్యాసపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, స్టోక్స్ ఈడ్పు వ్యాసాన్ని బట్టి మాత్రమే పెరుగుతుంది. అందుకే రేణువు చిన్నదయ్యేకొద్దీ గాలిదే రాజ్యం. వడ్లగింజ లాంటి పెద్ద వాటికి స్టోక్స్ సూత్రం పనికిరాదు. వాటి వెనక గాలి సుడులు తిరుగుతుంది. అప్పుడు ఈడ్పు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

మరిగే పొడి

నిలువుగా ఉన్న గొట్టంలో అడుగున సన్నటి జల్లెడ బిగించి, దాని మీద పొడి ఇసుక పోశామనుకోండి. కింది నుంచి గాలిని మెల్లగా పంపుదాం. మొదట గాలి ఇసుక సందుల్లోంచి పైకి పోతుంది. ఇసుక కదలదు. గాలి వేగం పెంచేకొద్దీ అడుగున పీడనం కూడా పెరుగుతుంది. ఒకచోట ఇసుక మీద గాలి ఈడ్పు మొత్తం ఇసుక బరువుకు సమానమవుతుంది. ఆ క్షణంలో ఇసుక పొర సడలిపోతుంది. ఏ రేణువూ పక్క రేణువు మీద ఆనుకొని ఉండనక్కరలేదు. అన్నిటినీ గాలే మోస్తోంది.

ఇక వింత చూడండి! ఇసుక ద్రవంలా ప్రవర్తిస్తుంది. గొట్టాన్ని పక్కకు వంచితే పై మట్టం నీళ్లలాగే సమతలంగా ఉంటుంది. బెండు బంతి వేస్తే తేలుతుంది. ఇనుప గుండు వేస్తే మునుగుతుంది. పక్కన రంధ్రం చేస్తే ఇసుక ధారగా కారుతుంది. గాలి ఇంకా పెంచితే బుడగలు లేచి, పులుసు మరిగినట్లు కుతకుతలాడుతుంది. దీనినే ఫ్లూయిడైజ్డ్ బెడ్ అంటారు. మనం తేలే పొర అందాం.

తేలే పొరలో ఎంత పీడనం కావాలి? ఇది సులువైన లెక్క. పొర ఎత్తు 1 మీటరు, అందులో రేణువుల వాటా 60 శాతం, రేణువు సాంద్రత 1500 అనుకుంటే, ఒక చదరపు మీటరు మీద 900 కిలోగ్రాముల పొడి ఉంటుంది. దాని బరువు సుమారు 8800 న్యూటన్లు. అంటే పొర కిందికీ పైకీ మధ్య పీడనంలో తేడా 8800 పాస్కల్‌లు ఉండాలి. ఇది మన వాతావరణ పీడనంలో పదో వంతు కూడా లేదు. ఇంత కొద్ది పీడనం టన్ను పొడిని మోస్తోంది! పొర తేలిన తరువాత గాలి ఎంత పెంచినా ఈ పీడనం ఇక పెద్దగా పెరగదు. మోయవలసిన బరువు మారలేదు కదా!

జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1921లో వేడి వాయువుల ధాటికి బొగ్గు రేణువులు ఇలా మరగడం గమనించాడు. ఆ ఆలోచనతో బొగ్గు నుంచి ఇంధన వాయువు తీసే పెద్ద కొలిమి 1926లో ల్యూనా అనే చోట పనిచేయడం మొదలుపెట్టింది. దాని ఎత్తు 13 మీటర్లు.

రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకు పెట్రోలు విపరీతంగా కావలసి వచ్చింది. బరువైన చమురు అణువులను వేడిమీద విరిచి పెట్రోలుగా మార్చడానికి ఉత్ప్రేరకం వాడతారు. చిక్కేమిటంటే, కొద్ది సెకన్లలోనే ఉత్ప్రేరకం మీద మసి పేరుకొని దాని పని మందగిస్తుంది. దాన్ని వేరే పాత్రలోకి పంపి, మసిని గాలిలో కాల్చి, మళ్లీ వెనక్కు తేవాలి. టన్నులకొద్దీ పొడిని ఇలా ఎడతెగకుండా తిప్పడం ఎలా? పొడిని ద్రవంలా చేస్తే సరి, గొట్టాల్లో పారుతుంది! అమెరికాలోని ఎం.ఐ.టి. ఆచార్యులు వారెన్ లూయిస్, ఎడ్విన్ గిలిలాండ్‌లు ఈ ఆలోచనకు బలం చేకూర్చారు. మొదటి కర్మాగారం 1942 మే నెలలో లూసియానా రాష్ట్రంలోని బేటన్ రూజ్ పట్టణంలో నడిచింది. ఇప్పుడు ప్రపంచమంతటా ఇలాంటివి వందల సంఖ్యలో ఉన్నాయి. మన విశాఖపట్నంలోని హిందుస్తాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారంలో కూడా ఉన్నాయి.

గుంపులో ఈడ్పు పెరుగుతుంది

సరే, 70 మైక్రాన్ల పొడి పొరను తేల్చడానికి ఎంత గాలి కావాలి? ఒక్క రేణువు నిలవడానికి సెకనుకు 20 సెంటీమీటర్లు కావాలి కదా, పొరకు కూడా అంతే కావాలని మీకు తోచవచ్చు. ప్రయోగం చేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సెకనుకు 3 మిల్లీమీటర్లు చాలు! ఒంటరి రేణువుకు కావలసిన దానిలో ఇది సుమారు డెబ్బయ్యో వంతు మాత్రమే. (ఇక్కడ గాలి వేగం అంటే పొడి లేని ఖాళీ గొట్టంలో ఉండే వేగం. పొడవునా ఇదే లెక్కన కొలుద్దాం.)

ఎందుకిలా? దగ్గరగా పేర్చిన పొడిలో సందుల వాటా సుమారు 40 శాతమే. దీన్ని ఖాళీ వాటా అందాం. మొత్తం గాలి ఆ కొద్ది సందుల్లోంచే దూరాలి. కాబట్టి అక్కడ దాని వేగం రెండున్నర రెట్లు అవుతుంది. కాని రెండున్నరతో డెబ్బై రాదు కదా! అసలు కారణం సందుల ఇరుకు. రేణువును తాకే గాలి పొర కదలదు. కొద్ది మైక్రాన్ల దూరంలోనే పక్క రేణువు మీది గాలి పొర కూడా కదలదు. ఈ రెండింటి మధ్యనుంచి గాలి జారుకోవాలంటే ఒరిపిడి విపరీతంగా ఉంటుంది. ఖాళీ చెంబులోంచి నీరు పోయడానికీ, సన్నటి గొట్టంలోంచి నీరు ఊదడానికీ ఉన్నంత తేడా.

ఈ ఒరిపిడికి 1952లో సబ్రి ఎర్గున్ అనే టర్కీ దేశపు ఇంజనీరు ఒక సమీకరణం ఇచ్చాడు. అప్పుడు ఆయన అమెరికాలోని పిట్స్‌బర్గులో పనిచేస్తున్నాడు. అందులో రెండు భాగాలున్నాయి. ఒకటి స్నిగ్ధత వల్ల కలిగే నష్టం, రెండోది గాలి మలుపులు తిరిగేటప్పుడు కలిగే నష్టం. దగ్గరగా పేర్చిన పొరలకు ఇంజనీర్లు నేటికీ ఈ సమీకరణాన్నే వాడతారు. మనం చెప్పుకున్న 3 మిల్లీమీటర్లు దాని నుంచి వచ్చినవే.

రేణువులు కాస్త ఎడంగా ఉంటే? దీనికి 1966లో వెన్, యూ అనే ఇద్దరు అమెరికాలో ఒక సులువైన నియమం చెప్పారు. ఒంటరి రేణువు మీద ఈడ్పును ఖాళీ వాటా యొక్క మైనస్ 4.7 ఘాతంతో హెచ్చించాలి. ఘాతాలు మీకు తెలిసినవే కదా. ఖాళీ వాటా 0.9 అయితే ఈడ్పు 1.6 రెట్లు. 0.7 అయితే 5.3 రెట్లు. 0.5 అయితే 26 రెట్లు. 0.4 అయితే 74 రెట్లు! చూశారా, ఎర్గున్ దారిలో వచ్చిన అంకెకు ఇది ఎంత దగ్గరగా ఉందో. రెండు వేర్వేరు దారులు ఒకేచోటికి చేరితే ఆ లెక్క మీద నమ్మకం కుదురుతుంది.

అయితే ఇవన్నీ రేణువులు విడివిడిగా ఉండే పొడులకు వర్తిస్తాయి. 1973లో ఇంగ్లండులో జెల్డార్ట్ అనే ఆయన పొడులను నాలుగు రకాలుగా విడదీశాడు. గోధుమపిండి వంటి మరీ సన్నటి పొడులలో రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. వాటికి గాలి పంపితే ఒక రంధ్రం చేసుకుని పోతుంది తప్ప పొర తేలదు. ఉత్ప్రేరకపు పొడి సాఫీగా తేలుతుంది. ఇసుక తేలిన వెంటనే బుడగలు వేస్తుంది. వడ్లగింజల వంటి పెద్ద వాటికి గాలి చాలా ఎక్కువ కావాలి.

ఎగిరిపోవలసింది ఎగరలేదు

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. గుంపులో చేరితే ఈడ్పు పెరుగుతుంది. లెక్కకు సూత్రాలున్నాయి. అయితే చమురు కర్మాగారంలో మసి కాల్చే పాత్ర దగ్గరకు వెళ్లి చూద్దాం. అందులో గాలి సెకనుకు 60 నుంచి 100 సెంటీమీటర్ల వేగంతో పైకి పోతుంటుంది. ఒంటరి రేణువును ఎగరేయడానికే 20 చాలు. గుంపులో అంతకన్నా తక్కువే చాలు. ఈ లెక్కన పొడి అంతా క్షణాల్లో పై గొట్టం దారి పట్టాలి. కాని దట్టమైన పొర పాత్రలోనే నిలకడగా మరుగుతూ ఉంటుంది! కొంత పొడి ఎగురుతుంది, నిజమే. దాన్ని పైన అమర్చిన సైక్లోను గరాటాలు పట్టి తిరిగి కిందికి పంపుతాయి. కాని లెక్క చెప్పినంత ఎగరదు.

ఎందుకు? రేణువులు సమంగా పరుచుకుని ఉండవు కనుక. అవి కొన్నిచోట్ల గడ్డకడతాయి, కొన్నిచోట్ల ఖాళీ వదులుతాయి. దట్టమైన పొరలో ఆ ఖాళీలే బుడగలు. పలచని పొరలో రేణువులు గుంపులు గుంపులుగా చేరి జారుతుంటాయి.

చెరువు గట్టుకు గండి పడిందనుకోండి. నీరు గట్టు మట్టిలోంచి ఊరుతూ పోతుందా, గండిలోంచి పోతుందా? గండిలోంచే పోతుంది. మట్టిలోంచి ఊరే నీరు లెక్కలోకి రాదు. గాలి కూడా అంతే. ఇరుకు సందుల్లో దూరడం కన్నా బుడగల దారినే పైకి పోతుంది. గడ్డలో ఉన్న రేణువులకు గాలి సోకేది తక్కువ. లారీ వెనక పోయే సైకిలువానికి ఎదురుగాలి తగలనట్లే, ముందు వరుస రేణువుల చాటున వెనక వరుసలవి తప్పించుకుంటాయి.

తూర్పారబట్టేవారు ధాన్యాన్ని సన్నటి ధారగా ఎందుకు వదులుతారో ఇప్పుడు మీకు తెలిసిపోయి ఉంటుంది. చేటెడు ధాన్యాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తే గాలి ఆ ముద్ద పక్కనుంచి తప్పుకుపోతుంది. పొట్టు కూడా గింజలతో పాటే కింద పడుతుంది.

చిన్నదానిలో కుదిరింది, పెద్దదానిలో కుదరలేదు

ఈ బుడగల ప్రభావం ఎంత ఖరీదైనదో ఒక కర్మాగారం కథ చెబుతుంది. 1950 ప్రాంతంలో టెక్సాస్ రాష్ట్రంలోని బ్రౌన్స్‌విల్‌లో సహజవాయువు నుంచి పెట్రోలు చేయడానికి తేలే పొర రియాక్టరు కట్టారు. ఈ పద్ధతికి హైడ్రోకోల్ అని పేరు. చిన్న ప్రయోగ పాత్రల్లో వాయువు చక్కగా పెట్రోలుగా మారింది. అదే పనిని కొన్ని మీటర్ల వ్యాసమున్న పాత్రలో చేస్తే ఫలితం బాగా తగ్గింది. సన్నటి గొట్టంలో బుడగకు పెరిగే చోటు లేదు. పెద్ద పాత్రలో బుడగలు పెద్దవయ్యాయి. వాయువు ఉత్ప్రేరకాన్ని తాకకుండానే వాటి వెంట పైకి పోయింది. పొడిని మార్చి, పాత్రను మార్చి కొంత సరిదిద్దారు. సహజవాయువు ధర కూడా కలిసిరాలేదు. చివరకు 1957లో ఆ కర్మాగారం మూతపడింది.

చిన్న నమూనాను పదింతలు చేస్తే పదింతల ఫలితం రాదని ఇంజనీర్లు అప్పుడు గట్టిగా నేర్చుకున్నారు. పెద్ద పాత్ర కట్టకముందే అందులో ఏం జరుగుతుందో లెక్కకట్టగలిగితే ఎంత బాగుండును! ఆ పనికే ఇప్పుడు కంప్యూటర్లు వాడుతున్నారు.

కంప్యూటరుకూ అందని సంఖ్య

ప్రతి రేణువు మీదా ఈడ్పు లెక్కగట్టమని కంప్యూటరుకు చెప్పవచ్చు కదా? మన రేణువు ద్రవ్యరాశితో ఒక టన్నును భాగించి చూడండి. ఒక టన్ను పొడిలో సుమారు 3.7 లక్షల కోట్ల రేణువులుంటాయి! పాత్రలో వంద టన్నులుంటే 370 లక్షల కోట్లు. సెకనులో వెయ్యో వంతుకొకసారి వీటన్నిటి స్థానాన్నీ గుర్తించడం ఎంత గొప్ప కంప్యూటరుకైనా తలకు మించిన పని.

అందుకని పాత్రను ఊహలో చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఒక్కొక్క గడిలో గాలి ఎంత, పొడి ఎంత, వాటి వేగాలెంత అని సగటు లెక్క వేస్తారు. గడి లోపల ఈడ్పుకు ఒక సూత్రం కావాలి. చికాగోలో ఆచార్యుడైన దిమిత్రి గిడాస్పొవ్ ఇలా ఏర్పాటు చేశాడు: ఖాళీ వాటా 0.8 కన్నా తక్కువైతే ఎర్గున్ సమీకరణం, ఎక్కువైతే వెన్, యూల నియమం. ఇది బాగా వాడుకలోకి వచ్చింది.

కాని గడి ఎంత ఉండాలి? పాత్ర వ్యాసం 10 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు అనుకోండి. గడి భుజం 10 సెంటీమీటర్లయితే సుమారు 12 లక్షల గళ్లు వస్తాయి. ఇది కంప్యూటరు చేయగలదు. అయితే రేణువుల గడ్డలు అంతకన్నా చిన్నవి. అవి గడి లోపల దాక్కుంటాయి, లెక్కకు కనబడవు. గడ్డలు కనబడాలని భుజం 1 మిల్లీమీటరు చేస్తే గళ్లు 1.2 లక్షల కోట్లవుతాయి!

సగటు ఎక్కడ మోసం చేస్తుంది?

గడ్డలను లెక్కలోకి తీసుకోకపోతే ఎంత తప్పు వస్తుందో ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఇది అసలు రియాక్టరు లెక్క కాదు. విషయం బోధపడడానికి స్థూలంగా వేసేది. ఈడ్పు వేగానికి అనులోమంగా ఉందనుకుందాం.

ఒక గడిలో పది శాతం రేణువులు, తొంభై శాతం ఖాళీ ఉన్నాయి. గాలి సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో పోతోంది.

మొదటి ఊహ: రేణువులు గడి అంతటా సమంగా ఉన్నాయి. ఖాళీ వాటా 0.9 కనుక ఈడ్పు 1.6 రెట్లు. 20 సెంటీమీటర్ల వేగానికి ఒంటరి రేణువు మీద ఈడ్పు దాని బరువుకు సమానం. కాబట్టి 50 సెంటీమీటర్ల వేగానికి, గుంపులో ఈడ్పు బరువుకు 50 × 1.6 ÷ 20 = 4 రెట్లు. రేణువులు ఎగిరిపోతాయి.

రెండో ఊహ: అవే రేణువులు గడిలో పావు వంతులో గడ్డకట్టాయి. మిగతా ముప్పావు ఖాళీ. గడ్డలో ఖాళీ వాటా 0.6 అవుతుంది. అక్కడ ఈడ్పు 11 రెట్లు. కాబట్టి గడ్డలోంచి 20 ÷ 11 = 1.8 సెంటీమీటర్ల వేగంతో గాలి పోతే చాలు, రేణువులు నిలుస్తాయి. మిగతా గాలి అంతా ఖాళీ భాగంలోంచి సెకనుకు 66 సెంటీమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. సగటు చూస్తే అదే 50!

గాలి అంతే, పొడి అంతే, గడి అంతే. ఒక అమరికలో ఈడ్పు బరువుకు 4 రెట్లు, ఇంకో అమరికలో బరువుకు సమానం. సగటు మాత్రమే తెలిసిన కంప్యూటరు మొదటి ఊహనే పట్టుకుంటుంది. అందుకే గళ్లు పెద్దవైతే లెక్కలో పొడి ఎగిరిపోతుంది, అసలు పాత్రలో మాత్రం నిలిచే ఉంటుంది.

దీనికి విరుగుడు ఏమిటి? ఒక దారి బీజింగులో లీ జింగ్‌హై, క్వాక్ మూసన్‌లు చూపారు. ప్రతి గడిలోనూ గడ్డలు కొంత, పలచని భాగం కొంత ఉంటాయని ముందే ఒప్పుకుని, గాలి తక్కువ శక్తి ఖర్చయ్యే దారి వెతుక్కుంటుందనే నియమంతో వాటి వాటాలను తేల్చారు. 1994లో దీన్ని గ్రంథరూపంలో వివరించారు. ఇంకొక దారి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో సుందరేశన్ బృందం చూపింది. చిన్న పెట్టెను తీసుకుని మరీ సన్నటి గళ్లతో లెక్క చేస్తారు. అందులో గడ్డలు స్పష్టంగా కనబడతాయి. ఆ ఫలితాల సగటు తీసి, పెద్ద గళ్లకు ఈడ్పును ఎంత తగ్గించాలో తేలుస్తారు. అంటే చిన్న లెక్క పెద్ద లెక్కకు పాఠం చెబుతుందన్నమాట. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయంలో ఇంకా లోతుకు పోయి, గోళాల చుట్టూ గాలి పారే తీరునే కంప్యూటరులో లెక్కగట్టి 2007లో కొత్త ఈడ్పు సూత్రం ప్రకటించారు.

వీటిలో ఏ ఒక్కటీ అన్ని పొడులకూ, అన్ని వేగాలకూ సరిపోదు. ఏ సూత్రం వాడినా చివరకు నిజమైన పాత్రలో పీడనం కొలిచి సరిచూసుకోవలసిందే. పొర బరువు ఎంతో పీడనం చెబుతుంది. ఏ ఎత్తులో ఎంత పొడి ఉందో అదే చెబుతుంది. కంప్యూటరు చెప్పినది దానితో కలిస్తేనే ఆ సూత్రం నిలుస్తుంది.

మీరే చేసి చూడండి

గుంపులో ఈడ్పు పెరగడం, తగ్గడం రెండింటినీ ఇంట్లోనే చూడవచ్చు. గాలికి బదులు నీరు వాడదాం. కావలసినవి: మూత గల ఎత్తైన గాజు సీసా, నీరు, సన్నటి ఇసుక. ఇసుకను టీ వడకట్టే జల్లెడలో జల్లించి, మట్టి పోయేదాకా కడగండి.

మొదట సీసా నిండా నీరు పోసి నాలుగైదు రేణువులు మాత్రం వదలండి. అవి అడుగు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి.

తరువాత ఒక చెంచా తడి ఇసుకను ఒక్కసారిగా వదలండి. ఇసుక మేఘంలా కదిలి, విడి రేణువులకన్నా త్వరగా అడుగు చేరుతుంది. నీరు ఆ గడ్డ పక్కనుంచి తప్పుకుంది కనుక లోపలి రేణువులకు ఈడ్పు తగ్గింది.

చివరగా సీసాలో సగం వరకు ఇసుక పోసి, నిండా నీరు పోసి, మూత బిగించి బాగా ఆడించండి. వెంటనే నిలబెట్టి ఇసుక పై అంచును గమనించండి. అది విడి రేణువులకన్నా చాలా నెమ్మదిగా దిగుతుంది. ఇక్కడ ఇసుక సీసా అడ్డంగా అంతటా నిండి ఉంది. నీటికి పక్కదారి లేదు. రేణువుల సందుల్లోంచే పైకి రావాలి. అందుకే ఈడ్పు పెరిగింది.

ఇసుక ఒకటే, నీరు ఒకటే, వేగాలు మాత్రం మూడు!

ఆలోచించండి

1. రేణువు వ్యాసం రెట్టింపయితే స్టోక్స్ సూత్రం ప్రకారం చరమ వేగం ఎన్ని రెట్లవుతుంది?

2. అడుగు వైశాల్యం 2 చదరపు మీటర్లున్న పాత్రలో 6 టన్నుల పొడి తేలుతోంది. పొర కిందికీ పైకీ పీడనంలో తేడా ఎంత? గాలి వేగం రెట్టింపు చేస్తే ఇది రెట్టింపవుతుందా?

3. నూనె వేడెక్కితే పలచబడుతుంది. గాలి వేడెక్కితే దాని స్నిగ్ధత పెరుగుతుంది. అయితే సన్నటి పొడిని తేల్చడానికి చల్లని గాలి ఎక్కువ వేగంతో పంపాలా, వేడి గాలా?

జవాబులు: (1) నాలుగు రెట్లు. (2) సుమారు 29,400 పాస్కల్‌లు. రెట్టింపు కాదు, ఎందుకంటే మోసే బరువు మారలేదు. (3) చల్లని గాలినే ఎక్కువ వేగంతో పంపాలి. వేడి గాలికి స్నిగ్ధత ఎక్కువ కనుక తక్కువ వేగంతోనే పొడిని మోస్తుంది.